ప్రపంచకప్ డ్రీమ్ టీమ్‌ని ఎలా ఎంచుకోవాలి: 2022 ఖతర్ టోర్నీతో ఒక కసరత్తు

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ అయిన మర్నాడు ఆఫీసులోనో, చాయ్ బండి దగ్గరో, వాట్సాప్ గ్రూపులోనో ఎవరో ఒకరు అడుగుతారు: "సరే, నీ బెస్ట్ ఎలెవన్ చెప్పు." అంటే టోర్నీ మొత్తంలో బాగా ఆడిన పదకొండు మందితో ఒక జట్టు, అదే డ్రీమ్ టీమ్. మెస్సీ, ఎంబాపె అని రెండు పేర్లు గబుక్కున వచ్చేస్తాయి. మూడో పేరు దగ్గర ఆలోచన మొదలవుతుంది. లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచు డిఫెండర్) దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. నెల రోజులు రాత్రుళ్లు మేలుకుని చూసినవాళ్లకు కూడా ఆ స్థానంలో ఎవరు బాగా ఆడారో వెంటనే గుర్తురాదు. మన కళ్లు బంతి వెంటే తిరుగుతాయి. బంతి లేనప్పుడు ఎవరు ఏం చేశారో మనకు తెలియకుండానే మ్యాచ్ అయిపోతుంది.

అందుకే ఈ పని పద్ధతిగా చేయాలి. ఉదాహరణకు 2022 ఖతర్ ప్రపంచకప్ తీసుకుంటాను. నవంబర్ 20 నుంచి డిసెంబర్ 18 వరకు 29 రోజులు, 32 జట్లు, 64 మ్యాచ్‌లు, 172 గోల్స్. ఫలితాలన్నీ మీకు తెలిసినవే కాబట్టి నాతో ఎక్కడ ఏకీభవించాలో, ఎక్కడ కొట్లాడాలో మీరే తేల్చుకోవచ్చు. యూరో (ఐరోపా దేశాల కప్పు) అయినా, కోపా అమెరికా (దక్షిణ అమెరికా కప్పు) అయినా, ఆసియా కప్ అయినా పద్ధతి ఇదే.

మొదటి రోజు నుంచే నోట్‌బుక్ పెట్టండి

టోర్నీ అయ్యాక గుర్తుచేసుకుని రాసే జాబితాలో చివరి వారం ఆడినవాళ్లే ఉంటారు. ఖతర్ టోర్నీ గ్రూప్ దశలో మ్యాచ్‌లు మనకు ఎక్కువగా మధ్యాహ్నం 3.30, సాయంత్రం 6.30, రాత్రి 9.30, అర్ధరాత్రి 12.30కి వచ్చేవి. రోజుకు మూడు చూసినా చాలు, మర్నాటికి ఒకదాని ఆట ఇంకోదాంట్లో కలిసిపోతుంది. ప్రతి మ్యాచ్‌కీ అర పేజీ కేటాయించండి. అందులో మూడే రాయండి: గోల్ కొట్టకపోయినా కంటికి ఆనినవాళ్లు ఎవరు, ఎవరు దిగాక ఆట మారింది, ఎవరు ఏ నిమిషంలో తప్పు చేశారు. గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కి బంతి అందించిన పాస్‌లు) రాసుకోనక్కర్లేదు, అవి ఎప్పుడు వెతికినా దొరుకుతాయి.

ఈ మూడు గీతలు ఎంత పనికొస్తాయో ఒక్క మ్యాచ్‌లో చూడండి. అర్జెంటీనా తొలి మ్యాచ్‌లో సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడింది. రెండో మ్యాచ్ మెక్సికోతో. ఓడితే ఇంటికే. మొదటి సగంలో అర్జెంటీనా ఆట గొంతు పట్టేసినట్టు ఉంది. రెండో సగంలో గిడో రోడ్రిగెజ్‌ని తీసేసి 21 ఏళ్ల ఎంజో ఫెర్నాండెజ్‌ని దింపారు. బంతి ముందుకు కదలడం మొదలైంది. మెస్సీ ఒకటి కొట్టాడు, 87వ నిమిషంలో ఎంజోయే రెండోది కొట్టాడు. మర్నాడు అందరూ మెస్సీ గోల్ గురించే మాట్లాడుకున్నారు. "ఎంజో వచ్చాక ఆట మారింది" అని ఆ రాత్రి రాసుకున్నవాళ్లకు, మూడు వారాల తర్వాత అతనికి ఉత్తమ యువ ఆటగాడి అవార్డు ఇచ్చినప్పుడు ఆశ్చర్యం కలగలేదు.

ఇంకో అలవాటు కూడా చేసుకోండి. సెకండాఫ్ మొదలైన పదిహేను నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క ఆటగాడినే చూడండి. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని, అంటే డిఫెన్స్‌కి ముందు నిలబడి అవతలి దాడిని ఆపేవాడిని, చూస్తే మరీ మంచిది. ఎక్కడ నిలబడుతున్నాడు, బంతి పోగానే ఎటు పరిగెడుతున్నాడు, ఎవరికి చేయి చూపించి చెబుతున్నాడు, ఇవి గమనించండి. మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది. తర్వాత అదే రుచి పడుతుంది. హైలైట్స్ మీద మాత్రం ఆధారపడకండి. ఐదు నిమిషాల వీడియోలో ఫుల్ బ్యాక్ (అంచు డిఫెండర్) కనిపించేది అతను తప్పు చేసినప్పుడే.

రూల్స్ పేర్లకు ముందే రాయండి

పేర్లు రాశాక రూల్స్ పెడితే మన అభిమాన ఆటగాడికి సరిపడేలా పెడతాం. నా రూల్స్ ఇవి.

ఈ టోర్నీలో ఆడిందే లెక్క. క్లబ్ ఫామ్, పాత కప్పులు, గత పదేళ్ల పేరు ఏవీ లోపలికి రాకూడదు. క్రిస్టియానో రొనాల్డో మీద మనకున్న ప్రేమ ఎంతైనా, ఖతర్‌లో స్విట్జర్లాండ్‌తో ప్రిక్వార్టర్స్‌కి అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆ టోర్నీ డ్రీమ్ టీమ్‌లో అతనికి చోటు లేదు.

కనీసం నాలుగు మ్యాచ్‌లు, అందులో ఒకటైనా నాకౌట్. ఈ రూల్ లేకపోతే ఒక్క రాత్రి మెరుపు మనల్ని మోసం చేస్తుంది. నాకు అదే జరిగింది. రొనాల్డో స్థానంలో దిగిన గొంసాలో రామోస్ స్విస్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, పోర్చుగల్ 6-1తో గెలిచింది. ఆ రాత్రే స్ట్రైకర్ గడిలో అతని పేరు పెన్నుతో రాసేశాను. నాలుగు రోజులకు మొరాకో డిఫెన్స్ ముందు అతనికి ఒక్క గోల్ కూడా రాలేదు. అప్పటినుంచి టోర్నీ నడుస్తుండగా పెన్సిలే వాడుతున్నాను.

ఎవరి మీద కొట్టాడో చూడండి. ఆ టోర్నీలో మూడేసి గోల్స్ కొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు: గాక్పో, రిచర్లిసన్, మొరాటా, ర్యాష్‌ఫర్డ్, సాకా, ఎనర్ వలెన్సియా. నెదర్లాండ్స్ కుర్రాడు గాక్పో మూడు గ్రూప్ మ్యాచ్‌ల్లోనూ ఒక్కోటి కొట్టాడు, అది చిన్న విషయం కాదు. కానీ నాకౌట్‌లో అతనికి గోల్ లేదు. సెమీస్‌లో కొట్టిన ఒక్క గోల్‌కి గ్రూప్ దశ గోల్ కంటే ఎక్కువ బరువు ఇవ్వాలన్నది నా లెక్క.

ఆటగాడు ఎక్కడ ఆడాడో అక్కడే పెట్టాలి. ఈ రూల్ దగ్గర నాకెప్పుడూ మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తొస్తారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచింది ఆయన శిక్షణలోనే. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని సెమీస్‌లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. రెండింటిలోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద ఫైనల్ 2-1తో మనదైంది. ఆ క్రీడల డ్రీమ్ టీమ్ నేను రాస్తే జర్నైల్‌ని ముందు వరుసలోనే పెడతాను. అతని అసలు స్థానం వెనకాల అని నాకు తెలుసు, కానీ పతకాన్ని తేల్చిన రెండు మ్యాచ్‌లూ అతను ముందు నిలబడి ఆడినవే.

చివరి రూల్: ఫైనల్ విజిల్ మోగేదాకా జాబితా మూసేయకండి. 2002లో జర్మనీ కీపర్ ఆలివర్ కాన్ ఫైనల్ దాకా ఒక్క గోలే ఇచ్చాడు. ఫైనల్లో 67వ నిమిషంలో రివాల్డో షాట్ అతని చేతుల్లోంచి జారింది, బ్రెజిల్ రొనాల్డో (క్రిస్టియానో కాదు) దాన్ని లోపలికి తోసేశాడు, బ్రెజిల్ 2-0తో కప్పు ఎత్తుకుపోయింది. గోల్డెన్ బాల్ (టోర్నీ ఉత్తమ ఆటగాడి అవార్డు) మాత్రం కాన్‌కే వచ్చింది. ఆ తప్పుతో కలిపి తూచినా నా లెక్కలో అతనే ఆ టోర్నీ కీపర్. అలా తూచిన తర్వాతే పేరు రాయాలి.

ఫార్మేషన్ తర్వాత, అభ్యర్థులు ముందు

చాలామంది 4-3-3 (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) అని మొదటే గీసేసి గడులు నింపుతారు. అంతకంటే ప్రతి స్థానానికి ముగ్గురేసి పేర్లు రాసుకోండి. రాశాక ఎక్కడ గట్టివాళ్లు ఎక్కువున్నారో తెలుస్తుంది, ఫార్మేషన్ దానంతటదే తేలుతుంది. మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురూ గోల్స్ కొట్టేవాళ్లే అయితే మాత్రం ఆగండి. బంతి పోయాక దాన్ని తిరిగి తెచ్చేవాడు ఒకడు కావాలి. యూరో 2024కి యూఈఎఫ్‌ఏ (ఐరోపా ఫుట్‌బాల్ సంఘం) పరిశీలకులు ఎంచుకున్న జట్టు చూడండి: యమాల్, ముసియాలా, నికో విలియమ్స్, ఓల్మో అంతమంది దాడి చేసేవాళ్లను పెట్టినా, వాళ్ల వెనక రోడ్రి, ఫాబియన్ రూయిజ్ ఉన్నారు.

ఖతర్‌కి నాది 4-3-3. మెస్సీ కుడివైపు నుంచి, ఎంబాపె ఎడమవైపు నుంచి లోపలికి వచ్చే ఆటగాళ్లు కాబట్టి ఒకరికొకరు అడ్డురారు.

గోల్‌కీపర్: ఇక్కడ తొందరపడకండి

ఆ ఏడాది ముగ్గురున్నారు, ముగ్గురిలో ఎవరిని రాసినా తప్పు పట్టలేం.

క్రొయేషియా లివకోవిచ్ జపాన్ మీద షూటౌట్‌లో (స్కోరు సమమైతే విజేతను తేల్చే పెనాల్టీలు) మూడు ఆపాడు. బ్రెజిల్ మీద మ్యాచ్‌లో 11 సేవ్‌లు చేసి, షూటౌట్‌లో రోడ్రిగో పెనాల్టీ ఆపాడు. మొరాకో యాసిన్ బౌనూ స్పెయిన్ షూటౌట్‌లో సోలెర్, బుస్కెట్స్‌ల పెనాల్టీలు ఆపాడు. మరొకటి పోస్టుకు తగిలింది, స్పెయిన్‌కి ఒక్కటి కూడా పడలేదు. క్వార్టర్స్‌లో పోర్చుగల్‌కీ గోల్ ఇవ్వలేదు. సెమీస్ చేరేదాకా మొరాకో ఇచ్చింది ఒకే ఒక్క గోల్, అదీ కెనడా మ్యాచ్‌లో తమవాళ్లే పొరపాటున వేసుకున్నది.

అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ లెక్క చూస్తే వీళ్ల కంటే తక్కువే అనిపిస్తుంది. ఏడు మ్యాచ్‌ల్లో ఎనిమిది గోల్స్ ఇచ్చాడు. అయినా నేను అతన్నే రాశాను. కారణం ఒక్క క్షణం, దాన్ని నెమ్మదిగా చూడాలి. ఫైనల్, 3-3, ఎక్స్‌ట్రా టైమ్ కూడా దాటి 123వ నిమిషం. వెనకనుంచి పొడవాటి బంతి వచ్చి ఒకసారి నేల మీద ఎగిరింది. ఫ్రాన్స్ సబ్‌స్టిట్యూట్ కోలో మువానీ ఒంటరిగా గోల్ ముందుకు వచ్చేశాడు. మార్టినెజ్ ముందుకు ఉరికి పడిపోకుండా, కాళ్లూ చేతులూ బార్లా చాచి గోడలా నిలబడ్డాడు. బంతి అతని చాచిన ఎడమ కాలికి తగిలి పక్కకు పోయింది. ఆ కాలు అక్కడ లేకపోతే కప్పు ఫ్రాన్స్‌ది. తర్వాత షూటౌట్‌లో కోమన్ పెనాల్టీ ఆపాడు. అంతకుముందు క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ మీద వాన్ డైక్‌ది, బెర్గ్‌హ్యూస్‌ది ఆపాడు. ప్రిక్వార్టర్స్‌లో ఆఖరి నిమిషంలో ఆస్ట్రేలియా కుర్రాడు కువోల్ షాట్ కూడా.

కీపర్‌ని ఎంచుకునేటప్పుడు క్లీన్ షీట్లు (గోల్ ఇవ్వని మ్యాచ్‌లు) లెక్కపెట్టడం సులువు. "ఇతను లేకపోతే ఈ జట్టు ఏ రోజు ఇంటికి వెళ్లేది?" అని అడగడం కష్టం. ఆ ప్రశ్నే అడగండి. బౌనూ నా జట్టులో రెండో కీపర్.

డిఫెన్స్: ఒక తప్పుతో మనిషిని కొట్టేయకండి

రైట్ బ్యాక్‌కి మొరాకో ఆటగాడు అష్రఫ్ హకిమి. అమెరికా మీద ఒక గోల్, రెండు అసిస్ట్‌లు చేసిన నెదర్లాండ్స్ డుమ్‌ఫ్రీస్ పోటీకి వచ్చాడు, కానీ అది ఒక్క మ్యాచ్. హకిమి ఏడు మ్యాచ్‌ల పాటు కుడివైపు తలుపు మూసి ఉంచాడు. తను పుట్టిన స్పెయిన్ మీదే, జట్టు భవిష్యత్తు తేల్చే పెనాల్టీని కీపర్ అటు దూకగానే నెమ్మదిగా గోల్ మధ్యలోకి ఎత్తి వేశాడు.

సెంటర్ బ్యాక్‌కి (మధ్య డిఫెండర్) క్రొయేషియా యోష్కో గ్వార్డియోల్. వయసు 20, విరిగిన ముక్కు మీద నల్ల మాస్క్. అతని పేరు చెప్పగానే చాలామందికి సెమీస్ 69వ నిమిషమే గుర్తొస్తుంది. మెస్సీ కుడి అంచున బంతి తీసుకుని, ఆగి, కదిలి, మళ్లీ తిరిగి, అతన్ని వదిలించుకుని లోపలికి వెళ్లి అల్వారెజ్‌కి ఇచ్చాడు. ఆ వీడియో కొన్ని కోట్లమంది చూసి ఉంటారు. నేను మాత్రం ఆ వీడియోని రెండోసారి గ్వార్డియోల్ కోసం చూశాను. సగం మైదానం పొడవునా మెస్సీకి చెయ్యెడం దూరంలోనే ఉన్నాడు, ఎక్కడా వదిలేయలేదు. అంతకుముందు ఐదు మ్యాచ్‌లుగా క్రొయేషియాని నిలబెట్టింది అతనే. నాలుగు రోజుల తర్వాత మూడో స్థానం మ్యాచ్‌లో 7వ నిమిషంలోనే హెడర్‌తో గోల్ కొట్టాడు. ఆ ఒక్క ఆటకి అతన్ని జట్టులోంచి తీసేస్తే, టోర్నీ మొత్తం చూడలేదని అర్థం.

రెండో సెంటర్ బ్యాక్ దగ్గర నాకు ఇప్పటికీ తేలలేదు. ఒటమెండి అర్జెంటీనా ఏడు మ్యాచ్‌లూ ఆడాడు, కానీ ఫైనల్లో ఫ్రాన్స్‌కి తొలి పెనాల్టీ ఇచ్చిందీ అతనే. మొరాకో కెప్టెన్ సైస్ అంతకంటే బాగా ఆడాడేమో, కానీ గాయంతో సెమీస్ మధ్యలోనే వెళ్లిపోయాడు. చివరిదాకా నిలబడ్డాడని ఒటమెండికే ఓటు వేశాను.

ఇక ఆ లెఫ్ట్ బ్యాక్. ఫ్రాన్స్ థియో హెర్నాండెజ్ తొలి మ్యాచ్‌కి బెంచ్ మీదే ఉన్నాడు. అన్న లూకాస్ 13వ నిమిషంలో గాయపడితే దిగాడు. ఆ మ్యాచ్‌లోనే రాబియో గోల్‌కి బంతి అందించాడు, డెన్మార్క్ మీద ఎంబాపెకి అందించాడు, సెమీస్‌లో మొరాకో మీద 5వ నిమిషంలో తనే కొట్టాడు. ఇంగ్లండ్ మ్యాచ్ చివర్లో మౌంట్‌ని తోసి పెనాల్టీ ఇచ్చాడన్నది నిజం. కేన్ దాన్ని బార్ పైనుంచి కొట్టకపోతే ఈ పేరు ఇక్కడ ఉండేది కాదు. అర్జెంటీనాలో ఆ స్థానాన్ని అకున్యా, తాగ్లియాఫికో పంచుకున్నారు కాబట్టి ఇద్దరికీ నిండు టోర్నీ లేదు.

మిడ్‌ఫీల్డ్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

మొరాకో సోఫ్యాన్ అమ్రాబత్ పేరు నా జాబితాలో మెస్సీ తర్వాత రెండోది. ఏడు మ్యాచ్‌లు ఆడాడు, గోల్ లేదు, అసిస్ట్ లేదు. సెమీస్‌లో ఎంబాపె బంతితో పరుగు అందుకున్నాడు. అమ్రాబత్ వెనకనుంచి తరుముకుంటూ వచ్చి, నేల మీద జారి, మనిషిని కాకుండా బంతిని లాగేసుకుని లేచాడు. ఎంబాపెని పరుగులో అందుకోవడం మాటలు కాదు. క్రొయేషియా, బెల్జియం, స్పెయిన్, పోర్చుగల్ అంత జట్లు మొరాకో మీద గోల్ కొట్టలేకపోయాయంటే, వాళ్ల దాడులు చాలావరకు డిఫెన్స్ దాకా రాకముందే అతని దగ్గర ఆగిపోయినందుకే.

అతని పక్కన ఎంజో. మూడోవాడు ఫ్రాన్స్ గ్రీజ్‌మన్. పోగ్బా, కాంటె గాయాలతో రాలేకపోతే కోచ్ డెషాంప్ అతన్ని మధ్యలోకి లాగాడు. ఫార్వర్డ్‌గా పేరు తెచ్చుకున్న మనిషి, ఒక్క గోల్ లేకుండా, వెనక్కి పరిగెత్తి బంతులు గెలుస్తూ, మూడు అసిస్ట్‌లు ఇచ్చాడు. ఇంగ్లండ్ మీద ఫ్రాన్స్ కొట్టిన రెండు గోల్స్‌కీ బంతి అతనిదే. ఫైనల్లో 71వ నిమిషంలో అతన్ని తీసేశారు, ఆ రోజు బాగా ఆడలేదు. అయినా ముందు ఆరు మ్యాచ్‌ల పని చెరిగిపోదు.

37 ఏళ్ల క్రొయేషియా ఆటగాడు లుకా మోడ్రిచ్‌ని బయట పెట్టడం నాకు బాధగానే ఉంది. కాంస్య బంతి (మూడో ఉత్తమ ఆటగాడి అవార్డు) అతనికి వచ్చింది, అర్హుడే. మీరు ఎంజో స్థానంలో మోడ్రిచ్‌ని పెడితే నేను వాదించను. బెల్లింగ్‌హామ్, మెక్ అలిస్టర్, చువామెని బెంచ్ మీద ఉంటారు.

ముందు వరుస

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. మెస్సీ 7 గోల్స్, 3 అసిస్ట్‌లు. ఒకే ప్రపంచకప్‌లో గ్రూప్ దశ, ప్రిక్వార్టర్స్, క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ అన్నింటిలో గోల్ కొట్టిన మొదటి ఆటగాడు. ఎంబాపె 8 గోల్స్, ఫైనల్లో హ్యాట్రిక్. పెనాల్టీలు తీసేసి చూడమంటారు కొందరు, చూడండి, మంచిదే: మెస్సీవి 4, ఎంబాపెవి 2 పెనాల్టీలు. తీసేసినా ఇద్దరూ నిలుస్తారు.

మధ్యలో జూలియన్ అల్వారెజ్. అతనూ ఎంజోలాగే మూడో మ్యాచ్ నుంచి తుది జట్టులోకి వచ్చాడు. నాలుగు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో మైదానం మధ్యనుంచి బంతితో పరిగెత్తి కొట్టినది ఒక్కటి చాలు. అంతకంటే నాకు నచ్చింది అవతలి డిఫెండర్లను అతను తరిమిన తీరు. మెస్సీ నడుస్తూ ఊపిరి తీసుకోగలిగాడంటే అల్వారెజ్ ఇద్దరి పరుగు పరిగెత్తాడు కాబట్టి. జిరూ కూడా నాలుగు కొట్టాడు, ఆ టోర్నీలోనే థియెరీ ఆన్రీ రికార్డు దాటి ఫ్రాన్స్ టాప్ స్కోరర్ అయ్యాడు. కానీ ఫైనల్లో ఫస్టాఫ్‌లోనే అతన్ని తీసేయాల్సి వచ్చింది.

జట్టు రాశాక ఆడించి చూడండి

కాగితం మీద పదకొండు పేర్లు వచ్చాయి. ఇప్పుడు కళ్లు మూసుకుని ఒక మ్యాచ్ ఆడించండి. కార్నర్ ఎవరు తీస్తారు? నాకైతే గ్రీజ్‌మన్. గాల్లో వచ్చే బంతికి ఎవరు ఎగురుతారు? గ్వార్డియోల్, ఒటమెండి. హకిమి, థియో ఇద్దరూ ఒకేసారి ముందుకెళితే వెనక ఎవరుంటారు? అమ్రాబత్ ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్యకు దిగాలి. షూటౌట్ వస్తే ఎవరు? మెస్సీ, ఎంబాపె, హకిమి ముందు. ఎంజోకి ఇవ్వను, నెదర్లాండ్స్ మీద షూటౌట్‌లో అతను బయటికి కొట్టాడు. ఇలా అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. కనిపిస్తే పేరు మార్చండి, మొహమాటపడకండి.

కోచ్‌ని కూడా ఎంచుకోండి. ఆగస్టు చివర్లో బాధ్యత తీసుకుని మొరాకోని ఆఫ్రికా నుంచి తొలి సెమీఫైనలిస్టుగా నిలబెట్టిన వలీద్ రెగ్రాగి ఒకవైపు, సౌదీ చేతిలో ఓడాక భయపడకుండా ఎంజో, అల్వారెజ్, మెక్ అలిస్టర్‌లను తుది జట్టులోకి తెచ్చిన అర్జెంటీనా కోచ్ స్కలోని ఇంకోవైపు. నా ఓటు రెగ్రాగికి.

2026 నుంచి ప్రపంచకప్ 48 జట్లు, 104 మ్యాచ్‌లు. ఫైనల్ చేరిన జట్టు ఎనిమిది మ్యాచ్‌లు ఆడాలి. అంటే నాలుగు మ్యాచ్‌ల రూల్‌ని ఐదుకు పెంచండి, అందులో రెండు నాకౌట్ ఉండేలా చూడండి. అన్నీ చూడాలని పంతం పడితే నిద్ర పోతుంది, చూసిందీ గుర్తుండదు. రోజుకు ఒక్క మ్యాచ్ పూర్తిగా, మనసు పెట్టి చూడండి.

జాబితా అయ్యాక కింద తేదీ వేసి ఓ వారం ముట్టుకోకండి. ఫైనల్ వేడి తగ్గాక రెండు మూడు నాకౌట్ మ్యాచ్‌లు పూర్తిగా మళ్లీ చూసి, అప్పుడు పెన్సిల్ పేర్ల మీద పెన్ను పెట్టండి. నా పేజీలో పది పేర్ల మీద పెన్ను పడింది. ఒటమెండి ఇంకా పెన్సిల్‌తోనే ఉన్నాడు, పక్కన చిన్న అక్షరాలతో సైస్.